వణికే చేతికి కుదిరిన బోర్డు

తాండూరులో మా ఎలక్ట్రానిక్స్ సార్ పోయారని మొన్న సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను వికారాబాద్‌లో నేను సోల్డరింగ్ నేర్పే బడిలో బల్లల మీద నాపరాయి ముక్కలు సర్దుతున్నాను. ఆ అలవాటు ఆయనదే. "కాలదు, మన తాన ఊకెనే దొరుకుతది. సోల్డరింగ్‌కు గింతకన్న మంచి పీట యాడుంటది?" అనేవారు.

నేను కాలేజీలో చదువుతుండగా, కొత్తగా చేరిన పిల్లలు చేత్తో సోల్డర్ చేసుకునే సర్క్యూట్ బోర్డు గీసే పని సార్ నాకు అప్పగించారు. బ్యాటరీ పెడితే ఒక ఎల్‌ఈడీ వెలిగి ఆరుతూ ఉండాలి, అంతే. సార్ మెచ్చుకోవాలని నాకు ఒకటే ఆరాటం. నా తెలివంతా పెట్టి దాన్ని సగం అగ్గిపెట్టెకు కుదించాను. అతుకులు వేసే రాగి ప్యాడ్ల మధ్య చీమ దూరే సందు లేదు.

సార్ ఆ బోర్డును తన ముందు పెట్టుకున్నారు. తనే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నారు. అప్పటికే ఆయన కుడిచెయ్యి వణికేది. మూడో అతుకుకే సీసం పక్క ప్యాడ్ మీదికి పారింది.

"ఇటియ్యండి సార్, నేను చేస్త" అన్నాను.

"నువ్వు చేస్తే అయితది బిడ్డ, గది నాకెర్కే. నా చేతికి కుదిరితేనే కొత్త పిల్లలకు కుదుర్తది. మల్ల గియ్యి."

ఏడుపొచ్చింది, పౌరుషమూ వచ్చింది. ఐదోసారి గీసిన బోర్డు ఆయన చేతికి లొంగింది. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో ఎల్‌ఈడీ కనిపించదని, చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్కొక్కరినీ పిలిచి చూపించారు. "మా బిడ్డ గీసింది, సూడుండ్రి!" వణికే చెయ్యిని ఎవరి ముందూ దాచుకోని మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ చెయ్యి వల్లే నాకు బోర్డులు గీసే పని వచ్చింది.

పోయిన నెల మా బడి పిల్లల కోసం కొత్త బోర్డు గీసి, ఒకటి ఆయనకు పంపాను. వణుకు బాగా ఎక్కువైందని విని ప్యాడ్లు ఇంకా వెడల్పు చేశాను. జవాబు రాలేదు. కుదిరిందో లేదో ఇక ఎవరు చెప్తారనుకుంటూ తాండూరు రైలెక్కాను.

సార్ భార్య నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ నాపరాయి మీద నా బోర్డు ఉంది.

"దినాం ఒక్కటే అతుకు ఏసేటోడు బిడ్డ. నిన్న మాపటికి బోర్డు అయిపోయింది. పొద్దుగాల నీకు ఫోన్ చేస్తనన్నడు."

అతుకులు వంకరటింకరగా ఉన్నాయి. ఒక్కటీ పక్కదానికి అంటలేదు. బ్యాటరీ పెట్టే ఉంది, కానీ ఎండ పడి ఏమీ కనిపించలేదు. ఆమె తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ నీడలో ఎర్రటి చుక్క వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.