ఐదో ఫ్లాపీ తర్వాత అరగంట

ఎనభైల చివర్లో నేను బెంగళూరులో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఇల్లు చిక్కబళ్ళాపురంలో. తెల్లవారుతూనే ఒక బస్సు, చీకటి పడేవేళకు ఇంకో బస్సు. తాతగారి దాకా మావాళ్ళది గుడిలో అర్చకత్వం. మా ఇంట్లో ఉద్యోగానికి గడప దాటిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడం మా అమ్మకు ఇష్టం. ఏం పని అని వాళ్ళు అడిగితే మాత్రం తడబడేది. చివరికి "మిషన్లకు మందేసొస్తాది" అని తేల్చేసేది. అది మరీ అంత తప్పు కూడా కాదు.

నేను ఎక్కువగా చూసుకునేది ఒక లారీ సర్వీసు వాళ్ళ పని. వ్యాపారస్థుల కుటుంబం వాళ్ళది. యజమానిని అందరూ సావుకారు అనేవాళ్ళు. చింతామణిలోనూ, బాగేపల్లిలోనూ, మా ఊళ్ళోనూ ఆఫీసులుండేవి. చింతపండు, శెనక్కాయలు, శిడ్లఘట్ట పట్టు, ఏవైనా సరే వాళ్ళ లారీల్లో పార్సిళ్ళుగా వెళ్ళేవి. ఒక్కో ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటరు, దానికి వైర్లతో తగిలించిన మూడు నాలుగు టెర్మినళ్ళు. గుమాస్తాలు వాటి ముందు కూర్చుని బుకింగులు ఎక్కించేవాళ్ళు. ఎవరు ఏ టెర్మినల్ మీద కూర్చోవచ్చు, ఏ బిల్లు ఏ ప్రింటరుకు పోవాలి, సాయంత్రం ఏవేవి టేపు మీదికి కాపీ కావాలి, ఇదంతా అజమాయిషీ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ పెద్ద మిషన్లో ఉండేది. దానికి కొత్త రూపు వచ్చినప్పుడల్లా పాతది తీసి, ఫ్లాపీ డిస్కుల్లో వచ్చే కొత్తది ఎక్కించి రావడం నా పని.

అప్పట్లో తెర మీద బొమ్మలూ గుర్తులూ ఏమీ ఉండేవి కావు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. ఆజ్ఞ టైపు చేసి మీట నొక్కితే అది చేసేస్తుంది. నిజంగానే చేయమంటావా అని అడగదు. ఒక్క వరుస తప్పుగా కొడితే ఆఫీసు లెక్కలన్నీ గాల్లో కలుస్తాయి. అందుకే మా సీనియరు నాకు మొదట్లోనే గట్టిగా నేర్పాడు. ముందు అందరినీ టెర్మినళ్ళ మీద నుంచి లేపు. ఉన్నదంతా టేపు మీదికి ఎక్కించు. ఆ టేపు తిరిగి చదవగలుగుతోందో లేదో చూడు, చదివేదాకా దేన్నీ ముట్టుకోకు. తర్వాత ఫ్లాపీలు వరుస తప్పకుండా పెట్టు. మొదలుపెట్టాక నడుమ ఆగిపోనివ్వకు, ఎందుకంటే అప్పటికి పాతది పోయి ఉంటుంది, కొత్తది పూర్తయి ఉండదు.

మంచినీళ్ళ సంగతి మాత్రం ఆయన నేర్పలేదు. చింతామణి ఆఫీసు బజారు వీధిలో, గోడౌను ముందు భాగంలో ఉండేది. గోడౌను వెనక ఒక గోడ ఉండేది, హమాలీలూ గుమాస్తాలూ దాని దగ్గరికే పోయేవాళ్ళు. వేరే ఏర్పాటు లేదు. ఆ ఆఫీసులో ఆడవాళ్ళంటే ఊడ్చే ఆవిడ, వెళ్ళినప్పుడు నేను. అందుకని చింతామణి వెళ్ళే రోజుల్లో మంచినీళ్ళు ముట్టేదాన్ని కాదు, పొద్దున కాఫీ కూడా మానేసేదాన్ని. ఎలాగో మధ్యాహ్నానికి పని ముగించుకుని బస్సెక్కి ఇల్లు చేరేదాన్ని.

ఒకసారి అలా కుదరలేదు. ఆ రోజు మిషను టేపును తిరిగి చదవలేకపోయింది. ఇంకో టేపు పెట్టి మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాను. అది సరిగ్గా చదివేసరికి పొద్దు నడినెత్తి దాటింది. నా పక్కన బాగేపల్లి ఆఫీసు గుమాస్తా కూర్చుని ఉన్నాడు. వచ్చేసారి వాళ్ళ ఆఫీసులో ఆ పని తనే చేయాలని సావుకారు ఆయన్ను నేర్చుకోవడానికి పంపాడు. నలభై దాటినవాడు. ఏళ్ళ తరబడి చేత్తో లెక్కలు రాసినవాడు. మిషనంటే భయం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నేను చేసే ప్రతిదాన్నీ లోలోపల వల్లె వేసుకుంటూ ఉన్నాడు.

మూడో ఫ్లాపీ పెట్టేసరికి నాకు కుదురుగా కూర్చోవడం కష్టమైంది. ఐదోది అయ్యేసరికి ఆయన అడిగే మాటలు చెవికెక్కడం మానేశాయి. ఆరో ఫ్లాపీ పెట్టమని తెర అడుగుతోంది. ఎదురుగా మేనేజరు, వెనక తెర వంక చూస్తూ నిలబడ్డ గుమాస్తాలు. అందరూ మగవాళ్ళు. చిన్నప్పుడు బళ్ళో చిటికెనవేలు చూపించి అడిగేవాళ్ళం. ఇరవై నాలుగేళ్ళ వయసులో, మేడమ్ అని కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్ళ ముందు చిటికెనవేలు ఎలా ఎత్తను? తెలుగులోనూ కన్నడంలోనూ నాకు తోచిన మాటలన్నీ పిల్లలు అనేవే. మర్యాదగా అనేందుకు ఒక్క మాటా దొరకలేదు.

అప్పుడే ఊడ్చే ఆవిడ కింద పడ్డ కార్బన్ కాగితాలు ఏరడానికి లోపలికి వచ్చింది. నా ముఖం చూసింది, ఒకదానికొకటి అదిమిపెట్టుకున్న నా కాళ్ళు చూసింది. చీపురు గోడకు ఆనించి మేనేజరుతో అంది: "అప్పా, మిషను కాగిపోయిండాదంట. అరగంట అట్లే ఇడిసిపెట్టల్లని ఈయమ్మ చెప్తాండాది." తర్వాత నా వైపు తిరిగి, "రామ్మా, అంతసేపూ ఈడ కుసోని ఏం చేస్తావు, గాలికి పోయొద్దాం" అంది.

ఆవిడ ఇల్లు బజారు వెనక సందులో ఉంది. ఒకే గది, పెరట్లో తడికలతో కట్టిన స్నానాల చోటు. నేను లోపలికి వెళితే తను సందు వైపు వీపు పెట్టి అడ్డం నిలబడింది. బయటికి వచ్చాక కాళ్ళ మీద నీళ్ళు పోసింది. తిరిగి వస్తూ, "దీనికేం సిగ్గమ్మా, అందరికీ ఉండేదే" అంది. నేను తలూపాను గానీ ముఖం ఎత్తలేకపోయాను. పెద్ద ఉద్యోగం చేస్తున్నానని ఊళ్ళో తల ఎత్తుకు తిరిగే మనిషిని, పసిపిల్లలా చెయ్యి పట్టించుకుని నడిచాను.

ఆఫీసులో అడుగు పెట్టగానే మేనేజరు ఎంతో మన్ననగా, మిషను చల్లారిందా అని అడిగాడు. ఆ, అన్నాను. ఆ ఒక్క అక్షరమే అన్నాను. ఆరో ఫ్లాపీ, ఏడో ఫ్లాపీ ఎక్కాయి. గుమాస్తాలు టెర్మినళ్ళ ముందు కూర్చుని చూసుకున్నారు, అన్నీ సరిగ్గా నడిచాయి. బాగేపల్లాయన నన్ను బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చాడు. దారి పొడుగునా నేర్చుకున్నది అప్పజెప్పాడు. ఐదో ఫ్లాపీ అయినాక అరగంట ఆపల్ల, అని కూడా అన్నాడు. నాకు వినపడింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

కొన్ని నెలల తర్వాత, మంచి ఎండాకాలంలో, ఆయన బాగేపల్లిలో ఆ పని ఒంటరిగా చేశాడు. అందరినీ లేపాడు. టేపు ఎక్కించాడు, తిరిగి చదివించి చూసుకున్నాడు. నాలుగో ఫ్లాపీ దగ్గర కరెంటు పోయింది. అలాంటప్పటికోసమే పక్కన బ్యాటరీలు పెట్టి ఉన్నాయి, పని ముగించుకోవడానికి అవి సరిపోయేవి. ఆయన ఐదో ఫ్లాపీ అయ్యాక, నేర్చుకున్న ప్రకారం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ అరగంటలో బ్యాటరీలు అయిపోయి మిషను ఆరిపోయింది.

బెంగళూరుకు ట్రంకు కాల్ వచ్చింది. నేను బాగేపల్లి చేరేసరికి కరెంటు వచ్చింది గానీ మిషను లేవడం లేదు. వాకిట్లో పార్సిళ్ళు గుట్టలు పడి ఉన్నాయి. చింతామణి నుంచి సావుకారే వచ్చి కూర్చున్నాడు. గుమాస్తా ఆయన ముందు నిలబడి ఉన్నాడు, హమాలీలు గడప దగ్గర నిలబడి అంతా వింటున్నారు. బుర్రలో మన్నుందా అని అడుగుతున్నాడు సావుకారు. గుమాస్తా తల వంచుకుని ఒక్క మాటే అన్నాడు.

"అమ్మ చేసినట్లే చేస్తినప్పా."

సావుకారు నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, నడుమన అరగంట నిలపల్లని నువ్వే చెప్పింటివా?"

ముందు మిషను సంగతి చూస్తాను, తర్వాత చెప్తాను అన్నాను. కూర్చుని పని మొదలుపెట్టాను. ఆయన ఎక్కించిన టేపు చక్కగా ఉంది. ఆ టేపే లేకపోతే ఆ రోజు ఏం చేయగలిగేదాన్నో తెలియదు. అందులోంచి పాతదంతా వెనక్కి తెచ్చాను, మళ్ళీ టేపు ఎక్కించి చదివించాను, ఫ్లాపీలు మొదటి నుంచి పెట్టుకుంటూ వచ్చాను. ఐదోదాని తర్వాత ఆరోది వెంటనే పెట్టాను. వెనక కూర్చున్నవాళ్ళు అది గమనించారు. సావుకారు అడిగిన మాటకు నేనింకా జవాబు చెప్పలేదని అందరికీ తెలుసు. నా వీపంతా మండుతున్నట్టుగా ఉంది. అబద్ధం ఒకటి తడుతూనే ఉంది. అది పాత సాఫ్ట్‌వేర్ అలవాటనీ, ఇప్పుడు మార్చేశారనీ అంటే నమ్మేస్తారు. గుమాస్తా మాత్రం మూర్ఖుడిగానే మిగిలిపోతాడు.

టెర్మినళ్ళు వెలిగాక లేచి నిలబడ్డాను.

"మిషను కాగేది అంతా ఏమీ లేదు సావుకారప్పా" అన్నాను. "ఆ దినం నాకు ఒంటికి పోవల్సొచ్చె. చింతామణి ఆఫీసులో ఆడోళ్ళకు చోటు లేదు. నోరు తెరిచి అడగలేకపోతిని. ఈయప్ప నన్ను చూసి నేర్చుకున్న్యాడు, ఈయప్పది తప్పు లేదు."

మిషను కాగిందని మొదట అన్నదెవరో చెప్పలేదు. అది నా పేరు మీద అన్న మాటే, నేను కాదనని మాటే.

సావుకారు భుజం మీది టవలుతో ముఖం తుడుచుకున్నాడు. పని అయింది కదమ్మా, కానీలే, అని గోడకేసి చూస్తూ అన్నాడు. టీ తెప్పించాడు. హమాలీలు ఒక్కొక్కరే జారుకున్నారు. తిట్లు ఆగాయి కాబట్టి గుమాస్తా ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. తిట్లు తినేటప్పటికంటే ఎక్కువ కుంచించుకుపోయాడు. తన కోసం ఒక ఆడపిల్ల అంతమందిలో ఆ మాట అనవలసి వచ్చిందని కాబోలు. ఫ్లాపీలను డబ్బాలో సర్దుతూనే ఉన్నాడు, నేను వెళ్ళొస్తానన్నా తలెత్తలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నేనన్న ఒక్కో మాటనూ చిక్కబళ్ళాపురం దాకా మళ్ళీ మళ్ళీ విన్నాను. కనీసం ఒంటికి అనకుండా వేరే ఏదైనా అని ఉండాల్సింది అనుకున్నాను. ఏమని అనాలో అప్పటికీ తోచలేదు.

సావుకారు మంచివాడు. ఆ నెలలోనే చింతామణి గోడౌను పక్కన ఆడవాళ్ళ కోసం గడియతో సహా ఒక గది కట్టించాడు. దాని తాళంచెవి ఊడ్చే ఆవిడ దగ్గరే ఉంటుందని మేనేజరు ఫోన్లో చెప్పాడు. సావుకారు మా ఆఫీసుకు కూడా ఫోన్ చేశాడట. ఏం చెప్పాడో నాకు తెలియదు. మా బాస్ నన్ను పిలిచి, బల్ల మీది కాగితాలు చూస్తూ, ఇకమీదట ఆ మూడు ఆఫీసులకూ అబ్బాయిలనే పంపుదాం, నీకెందుకు ఇబ్బంది అన్నాడు.

చిక్కబళ్ళాపురం ఆఫీసు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఆ ముక్క చెబితే చాలు. చెప్పాలంటే ఆ సంగతి మళ్ళీ ఎత్తాలి. సరే సార్ అని వచ్చేశాను.

మా ఊరి ఆఫీసులో కొత్తది ఎక్కించడానికి నా తోటివాడొకడు వచ్చాడు. ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు, చెప్పులు విడిచాడు, మా అమ్మకు నమస్కారం పెట్టి, ఆ ఊపులోనే, "బాత్రూమ్ ఎక్కడమ్మా?" అని అడిగాడు. అమ్మ పెరటి వైపు చూపించింది. చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి, టేపు రెండుసార్లు చదివించి చూసుకున్నాననీ, ఎక్కడా ఇబ్బంది రాలేదనీ నాతో చెప్పాడు. నేను ఆకు వేసి అన్నం వడ్డించాను.