బీడీ దగ్గు

బాలలక్ష్మి నోటికి ఊళ్లో సగం మంది భయపడతారు. మిగతా సగం మంది ఆమెకు ఇంకా దొరకలేదు, అంతే. కోరుట్ల దగ్గర ఆ ఊళ్లో బీడీలు చుట్టని ఇల్లు, గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికినా కనిపించవు. బాలలక్ష్మి ఇంట్లో రెండూ ఉన్నాయి. మొగుడు హనుమండ్లు దుబాయిలో బిల్డింగుల పని చేస్తాడు. ఆమె తెల్లారింది మొదలు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి చుడుతూ కూచుంటుంది. చేతులకు పని ఉంటుంది కానీ నోరు ఖాళీయే కదా. రేషన్ డీలర్ తూకం దగ్గర్నుంచి, బాగున్న బీడీలను కూడా ఏరి పారేసే కార్ఖానా మున్షీ దాకా ఆ నోట్లో పడని మనిషి లేడు.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆమె తల్లి బుచ్చవ్వ కూడా బీడీలు చుట్టీ చుట్టీ, దగ్గీ దగ్గీ పోయింది. ఆ ఇళ్లలో దగ్గు అంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. చుట్టేవాళ్లు దగ్గుతారు, పక్కన కూచున్నవాళ్లు దగ్గుతారు, బడి నుంచి వచ్చి బీడీల మూతులు మడిచే పిల్లలూ దగ్గుతారు. దానికి బీడీ దగ్గు అని పేరు పెట్టుకున్నారు. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే వైద్యం అయిపోయినట్టే. ఆసుపత్రికి పోయినా అంతే. "బీడీలు చేస్తవా?" అని అడుగుతారు, అవునంటే గొంతైనా చూడకుండా గోలీలు చేతిలో పెట్టి పంపిస్తారు.

అలాంటి బాలలక్ష్మి ఆ చలికాలం చివర్లో కొన్నాళ్లు ఎవర్నీ తిట్టలేదు. వాడకట్టు మొత్తం ఆశ్చర్యపోయింది. కారణం ఆమె కూతురు నవ్యశ్రీ. ఆ పిల్ల ఏడో తరగతి చదువుతోంది. బడి వార్షికోత్సవంలో కోలాటం ఉంది, ముందు నడిచేది నవ్యశ్రీయే. హనుమండ్లు కూతురి మొదటి అడుగులు ఫోన్లో చూశాడు, పాలపళ్లు ఊడినప్పుడు ఆ బోసినోరూ ఫోన్లోనే చూశాడు. బడిలో పిల్ల ఏ పండక్కి ఆడినా అతను అక్కడ ఎండలో ఇనుప చువ్వలు మోస్తూనే ఉన్నాడు. ఈసారి సెలవు మీద వచ్చాడు. వార్షికోత్సవం చూసి మర్నాడు బయల్దేరేలా టికెట్టు జరుపుకున్నాడు. మధ్యలో ఆదిలాబాద్‌లో ఉన్న అక్కను చూడ్డానికి పోయాడు. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటానని బిడ్డకు మాటిచ్చాడు. బాపు ముందు ఆడాలని నవ్యశ్రీ అన్నం తింటూ కూడా కాళ్లు కదిపేది.

ఆ రోజు పొద్దున బడికి పోయిన పిల్ల ఏడుస్తూ తిరిగి వచ్చింది. జ్వరాలు ఎక్కువయ్యాయట, ఫ్లూ అంటున్నారట, వార్షికోత్సవం రద్దట.

చాట పక్కన పెట్టి బాలలక్ష్మి లేచిన తీరు చూసి, పక్కింటి ఆడవాళ్లు బడి వాళ్ల కోసం మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నారు. దారిలో పంచాయతీ ఆటో ఎదురైంది. గుంపులుగా కూడవద్దు, మూతికి బట్ట కట్టుకోండి అని మైకు చెబుతోంది. ఆ మైకు అరుస్తున్న చోటుకు ఎదురుగానే బీడీ కార్ఖానా కిటికీ దగ్గర ఆడవాళ్లు ఒకరి వీపు మీద ఒకరు పడుతూ కట్టలు అప్పగిస్తున్నారు. ఆటో అక్కడ ఆగలేదు. బాలలక్ష్మికి ఒళ్లు మండిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ మమతారాణి మెత్తని మనిషి. ఆమె ఏదో చెప్పబోయేలోపే బాలలక్ష్మి అందుకుంది.

"సర్పంచి జగపతిరావు సారు మనుమరాలి ఫంక్షన్ల మొన్ననే ఊరు ఊరంత కూసోని తిన్నది మేడం. మీరు గూడ తిన్నరు. గాడ రాని రోగం మా పిలగాండ్ల కోలాటంల వస్తదా?"

మమతారాణి ముఖం ఎర్రబడింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టుంది వ్యవహారం. అది ఆమెకూ తెలుసు. ఆ ఫంక్షన్ జరగడమూ తప్పే, తాను పోవడమూ తప్పే అని ఒప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి సృజన సంగతి చెప్పింది. సృజన నవ్యశ్రీ బెంచీలోనే కూచునే పిల్ల, కోలాటంలో ఆమె వెనకే నడిచే పిల్ల. బాలలక్ష్మితో పాటు బీడీలు చుట్టే శంకరవ్వ కూతురు. జ్వరమని కరీంనగర్ తీసుకుపోయారని బాలలక్ష్మికీ తెలుసు కానీ, ఆక్సిజన్ పెట్టారన్న మాట ఇప్పుడే వింది.

కానీ మధ్యాహ్నం బస్సు దిగబోయే మొగుడు కళ్లముందు మెదిలాడు.

"ఒక్క పాట మేడం. పిల్ల తండ్రి రేపు పోతుండు. ఒక్క పాటకు ఏమైతది?"

"ఏమైతదో నాకు తెల్వది అక్కా. గందుకే వద్దంటున్న."

ఇంత పెద్ద చదువు చదివి తెలియదంటుందేమిటని బాలలక్ష్మికి మరింత మండింది. బడి మీదే కాదా? ఉంచుకోండి, మా వాకిలి మాదే అనేసి వచ్చింది. వచ్చేటప్పుడే కోలాటం పిల్లల ఇళ్లన్నీ తిరిగింది. ఒక తల్లి వెనకాడితే, నీ బిడ్డ ఏమన్నా చక్కెర బొమ్మా అని దులిపేసింది. ఆ నోటికి ఎదురు చెప్పేదెవరు? మధ్యాహ్నం దాటేసరికి పిల్లలంతా పట్టు లంగాలు కట్టుకుని ఆమె వాకిట్లో చేరారు.

హనుమండ్లు అప్పటికే దిగాడు. స్నానం చేసి తెల్ల చొక్కా తొడుక్కుని కుర్చీలో కూచున్నాడు. బిడ్డ కొంచెం డీలాగా ఉందని అనిపించి అడగబోయాడు. లోపల జడ వేస్తున్న బాలలక్ష్మి, ముందు కూచుని చూడవయ్యా అని కసిరింది. నవ్యశ్రీ దగ్గింది. తల్లి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. పిల్ల మళ్లీ దగ్గింది. తల్లి జడకు పూలు తురిమి బయటికి పంపింది.

పిల్లలు వలయంగా నిలబడ్డారు. పాట ఎత్తుకోబోతుండగా గేటు బయట ఆటో ఆగింది. శంకరవ్వ దిగింది. బట్టలు తీసుకుపోవడానికి కరీంనగర్ నుంచి వచ్చిందట. ముక్కుకు మాస్కు, రేగిన జుట్టు, నిద్రలేని కళ్లు. లోపలికి రమ్మంటే రానంది. గోడ అవతలే నిలబడి, తన కూతురు నిలబడాల్సిన చోటు వైపు చూసింది. పిల్ల ఎట్లుందని బాలలక్ష్మి అడిగింది.

"ముక్కుకు గొట్టం వెట్టిండ్రు. మాట్లాడుత లేదు." శంకరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంటికాడ మస్తు దగ్గింది అక్కా. మనింట్ల దగ్గనిదెవరు? బీడీ దగ్గే అనుకున్న. బెల్లం వెట్టి బడికి పంపిన. గింత ముదరవెట్టి తెచ్చినవేందని డాక్టరు నన్ను తిట్టిండు."

అంతే చెప్పి ఆమె తన ఇంటి వైపు పోయింది.

వెనక నవ్యశ్రీ దగ్గింది. ఆ దగ్గును బాలలక్ష్మి అప్పుడు విన్నది. ఆదివారం నుంచీ ఆ ఇంట్లో మోగుతూనే ఉంది, తన చెవుల్లో పడుతూనే ఉంది, అయినా ఇప్పుడే విన్నది. పోయి నుదుటి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. ఎప్పట్నుంచే అని అడిగితే నిన్నట్నుంచి అంది పిల్ల. చెబితే ఆడనియ్యవని చెప్పలేదట.

"పోండ్రి," అంది బాలలక్ష్మి. పిల్లలకు అర్థం కాలేదు. "ఇండ్లకు పోండ్రి అందరు. ఇగ ఎవ్వలు ఎవ్వల దగ్గరికి రావద్దు. పోండ్రి."

ఇళ్లిళ్లూ తిరిగి పిలిచిన మనిషి అదే నోటితో తరిమేసింది. చిన్నపిల్లలు ఇద్దరు ఏడుపు మొదలుపెట్టారు. హనుమండ్లు కుర్చీలోంచి లేచాడు. అతను మామూలుగా గొంతు ఎత్తే మనిషి కాదు. ఇన్నేళ్లుగా ఎడారిలో ఉండి తాను అడిగింది ఏముంది, ఒక్క పాటకు ఏమైతదని అరిచాడు. పొద్దున బడిలో ఆమె అన్న మాటే. అది మొగుడి నోట్లోంచి వింటుంటే బాలలక్ష్మికి చెంప మీద కొట్టినట్టయింది.

"బతికుంటె ఎన్నడన్న ఆడుతది," అని పిల్లను ఆటో ఎక్కించుకుని కోరుట్ల పోయింది. అతను రాలేదు. కోపంతో అరుగు మీదే కూచుండిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు మంచివాడే. ఛాతీ మీద యంత్రం పెట్టి విన్నాడు, వేలికి ఏదో తగిలించి చూశాడు. ఇంకా ఊపిరితిత్తుల దాకా పోలేదని, సమయానికి తెచ్చారని అన్నాడు. విడిగా ఒక గదిలో ఉంచాలని, కొత్తగా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దని చెప్పాడు. తర్వాత కాగితం మీద రాసుకుంటూ, ఈ దగ్గు ఎప్పట్నుంచి ఉందని అడిగాడు.

తంబాకు దగ్గు ఎక్కడ ఆగిందో, జ్వరం దగ్గు ఎక్కడ మొదలైందో బాలలక్ష్మికి తెలియదు. ఏ తల్లికైనా తెలుస్తుంది, తనకు తెలియదు.

"పుట్టినకాడికెల్లి ఉన్నది సారు," అంది.

డాక్టరు పరాచికం అనుకుని నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. బాలలక్ష్మికి మాత్రం లోపల భగ్గుమంది. ఇన్నేళ్లు దగ్గితే అడిగినవాడు లేడు. తల్లి దగ్గి దగ్గి పోతే అడిగినవాడు లేడు. దగ్గు బడి దాకా పోయి నలుగురి పిల్లలకు అంటుకుంటుందని తెలిసినప్పుడే దానికి ఒక పేరు, ఒక మైకు, ఒక ఆర్డరు వచ్చాయి. ఆ మాట అరిచి చెప్పాలనుకుంది. ఎవరి మీద అరవాలి? బెల్లం ముక్క పెట్టింది తానే కదా. మందులు తీసుకుని ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున శంషాబాద్ పోయే జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. రాత్రంతా అరుగు మీద పడుకున్న హనుమండ్లు సంచి భుజాన వేసుకుని లోపలి గది దగ్గరికి వచ్చాడు. బాలలక్ష్మి ముఖానికి మాస్కుతో గడపకు అడ్డంగా కూచుని ఉంది. లోపల మంచం మీద నవ్యశ్రీ పడుకుని ఉంది.

"జరుగు. ఒక్కసారి బిడ్డను దగ్గరికి తీస్కోని పోత."

"గాడికెల్లే చూసి పో."

"నా బిడ్డ. నాకు రోగమొస్తె రానియ్యి."

బాలలక్ష్మి కదల్లేదు. "నీ రూముల ఎందరు పండుతరు?" అని అడిగింది.

దుబాయిలోని ఆ గదిని ఆమె ఫోన్లో ఎన్నోసార్లు చూసింది. మంచం మీద మంచం, ఒకడి కాళ్ల దగ్గర ఇంకొకడి తల, ఎవరి మంచం పక్కన చూసినా గోడకు అతికించిన ఒక పిల్లదో పిల్లవాడిదో ఫోటో.

"ఆళ్లకు గూడ పిల్లలున్నరు," అంది.

అతని చేతులు కిందికి జారాయి. గడప ఇవతలే నిలబడి మెడ చాచి చూశాడు. నవ్యశ్రీ లేచి కూచోబోయి, బాపూ అని పిలవబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక పోయివస్తానని చెబుదామని హనుమండ్లు ఆగాడు. బయట జీపు హారన్ కొట్టింది. ఇంకాసేపు ఆగాడు. జీపు మళ్లీ కొట్టింది. దగ్గు ఆగలేదు. అతను చెప్పకుండానే వెళ్లిపోయాడు.