దేవదానం సారు చెప్పిన తొంభై రోజులు

దేవదానం సారు ఇక లేరని మంగళవారం ఉదయం ఫోనొచ్చింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రం దాకా నా పక్క కుర్చీలో పనిచేసిన మనిషి! విన్నది బుర్రకెక్కక, ఫోను చేసినవాణ్నే “ఏ దేవదానం?” అని అడిగాను. మా ఆఫీసులో ఆ పేరుతో ఇంకెవరున్నారు కనుక. ఆయన సొంతూరు కమలాపురంలో సమాధి మీద పిడికెడు మట్టి వేసి వచ్చి నాలుగు రోజులైంది. ఒళ్లూ మనసూ అలసిపోయాయి. అయినా రాయక తప్పదు. ఆయన చివరిదాకా మోసిన ఒక నింద నిజానికి నాది.

కడపలో మాది చిన్న సాఫ్ట్‌వేరు సంస్థ. మనుషులు ఒక్కొక్క బటను నొక్కి చేసే పరీక్షలను కంప్యూటరే తనంతట తాను చేసుకునేలా ప్రోగ్రాములు రాస్తాం. పని చేపట్టేముందే ఎన్ని రోజులు పడుతుందో చెప్పాలి. ఆ అంచనా విషయంలో సారుది తపోనిష్ఠ. మేమంతా పరీక్షల సంఖ్యను రోజుకిన్ని అని భాగించి గంటలో తేల్చేస్తాం. ఆయన మాత్రం అన్నిటిలోకీ సులువైనదొకటి, మహా మొండిదొకటి ఎంచుకుని, ముందు చేత్తో చేసి, తర్వాత ప్రోగ్రాము రాసి చూసుకుని గానీ నోరు విప్పేవారు కాదు.

చేరిన కొత్తలో “ఇంత తతంగమెందుకు సార్?” అని విసుక్కున్నాను. ఆయన నవ్వారు.

“రాసేది ఎంతసేపు పాపా? వాళ్లు తెర మీద ఒక బటను పక్కకు జరిపినారనుకో, మనం రాసింది పడుకుంటాది. మళ్లా లేపల్ల. ఆ లేపే దినాలు యాడ రాసినావు నువ్వు?”

నా కాగితంలో ఆ దినాలు లేవు. ఎవరి కాగితంలోనూ ఉండవు. మా వృత్తికి పట్టిన శని అదే.

మూడేళ్ల క్రితం ఒక బస్సు టికెట్ల సంస్థ పని వచ్చింది. సారు తొంభై రోజులన్నారు. ఆ అంచనా చెప్పాల్సిన సమావేశం నాడు ఆయన భార్యకు కంటి ఆపరేషను. “తొంభై అని చెప్పు పాపా, ఎవరేమన్నా తగ్గొద్దు” అని నాకు అప్పగించి వెళ్లారు. అవతలివాళ్లు “తగ్గదా?” అని రెండుసార్లు అడిగేసరికి, “అరవైలో చేస్తాం, సారే చెప్పమన్నారు” అనేశాను. భయం, అంతే.

మర్నాడు సంగతి చెబితే ఆయన తన అంచనా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. “నా పేరు చెప్పినావు కదమ్మా. ఇంగేం చేస్తాం, పని మొదలుపెడదాం పా” అన్నారు. ఆదివారం ఆరాధన ఏనాడూ మానని మనిషి ఆదివారాలన్నీ ఆఫీసులోనే గడిపారు. అయినా గడువు దాటింది. లెక్క చూస్తే సరిగ్గా తొంభై రోజుల పనే పట్టింది. మేనేజరు అందరి ముందూ నిలదీస్తే, నా మాట బయటికొచ్చేలోపే “అంచనా నాదే సార్, తప్పయిపోయింది” అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. బయటికొచ్చి ఏడిస్తే, “ఏడ్చేదానికేముండాది? నువ్వు ఇంగా శానా ఏండ్లు చెయ్యాల్సిన దానివి” అన్నారు. ఆ తర్వాత అంచనాల సమావేశాలకు ఆయన్ని పిలవడం మానేశారు. ఆయన ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు.

ఆరోజు సమాధి దగ్గర మేనేజరు మంచిగానే మాట్లాడాడు. “శానా నిదానమైన మనిషి. అంచనా ఒక్కసారే తప్పినాడు, పాపం” అన్నాడు. అందరూ తలలూపారు. ఆయన భార్య సుగుణమ్మగారు కూడా ఊపారు. నేను అక్కడా నోరు విప్పలేదు.

పనిని అంత ఓర్పుగా, అంత నిజాయితీగా కొలిచే మనిషి మాకిక దొరకడు. ఆ మహనీయుడికి పూలు పెట్టే అర్హత నాకు లేదు. సుగుణమ్మగారూ, మీరిది చదువుతారని రాస్తున్నాను. సారు అంచనా ఏనాడూ తప్పలేదు. ఆ అరవై నాదమ్మా.