పెళ్లికిచ్చిన కారు

ఇది ఎనభైల్లో జరిగిన సంగతి. అప్పుడే రాయవలసింది. కానీ నలభై దాటాక పెద్దవాళ్ల మధ్యాహ్నం బడిలో చేరిన నాకు అప్పటికి అక్షరాలు కూడబలుక్కోవడమూ, సంతకం చెయ్యడమూ మాత్రమే వచ్చు. వాక్యం కట్టడం రాదు.

మా ఆయనకి గోపాలపట్నంలో మెకానిక్ షెడ్డు ఉండేది. నా గాజులు అమ్మి ఒక పాత అంబాసిడర్ కొని, దాన్ని ఆయన విప్పి మళ్లీ బిగించారు. కాగితాలన్నీ నా పేరు మీదే. షెడ్డు ముందు నిలబడిన ఆ కారుని చూసే జనం తమ బళ్లు తెచ్చేవారు.

మా వీధిలో పెళ్లంటే ఆ కారు వెళ్లాల్సిందే. తీసుకెళ్లినవాళ్లు బయల్దేరేటప్పుడు కారుకి బొట్టు పెట్టి, పెట్రోలు పోయించి, తిరిగొచ్చాక నాకో జాకెట్టు గుడ్డ ఇచ్చేవారు. అద్దె అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఇన్సూరెన్సు చేయించినప్పుడే ఆఫీసరు గట్టిగా చెప్పాడు, "సొంతానికి వాడుకునే బండమ్మా ఇది. అద్దెకిచ్చారంటే పైసా రాదు."

పక్కింటి అన్నయ్య స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. కూతురి పెళ్లికి కారుని పద్మనాభం ఊరికి తీసుకెళ్లాడు. లైసెన్సున్న బావమరిదే నడిపాడు. తిరిగొస్తూ కల్వర్టుకి గుద్దేశారు. మనుషులకేం కాలేదు గానీ కారు ముందు భాగమంతా లోపలికి పోయింది. ఇన్సూరెన్సు రాకపోతే అది షెడ్డు ముందు ఇనుప ముద్దలా పడుంటుంది. ఇక అక్కడికి బండెవరు తెస్తారు?

ఇన్సూరెన్సు ఆఫీసరు మొదట అన్నయ్యని అడిగి అతని మాట రాసుకుని, దాని కింద కారు యజమానిగా నా వేలిముద్ర కోసం ఆ కాగితమూ ఇంకుప్యాడూ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"వేలెయ్యండమ్మా."

"చదివి వేస్తాను."

ఆయన గడియారం చూసుకున్నాడు. నేను తొందరపడలేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ నాలుగో వరుసకి వచ్చాను. 'కారును అద్దెకు తీసుకున్నాను' అని ఉంది.

కాగితం పట్టుకుని ఆఫీసరుతో సహా పక్కింటికి నడిచాను. మంచం మీద అన్నయ్య, పక్కన అతని కొత్త వియ్యంకుడు కాఫీ తాగుతున్నారు.

"అన్నయ్యా, నాకు అద్దెప్పుడిచ్చావు?"

అన్నయ్య వియ్యంకుడి వైపు ఓ చూపు చూసి, "అదేటి సెల్లెమ్మా, మన మద్దిన ఆ మాటలెందుకు?" అని నసిగాడు.

నాకప్పుడు అర్థమైంది. కూతురిని ఊరికే అడిగి తెచ్చిన కారులో పంపానంటే చిన్నతనమని, వియ్యంకుడి ముందు అలా చెప్పాడు.

"నీ గొప్పకి నా కారు పోతాది అన్నయ్యా. అద్దెకిత్తే ఇన్సూరెన్సు రాదు."

వియ్యంకుడు కాఫీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "ఓస్, ఇదా బావా! అద్దె కారుకి ఎవుడైనా బొట్టెట్టి దండం ఎడతాడేటి? నాను ఆ పొద్దే అనుకున్నాను. సెల్లెలు కారిచ్చిందంటే నీ పరువు పెరుగుద్ది గానీ తరుగుద్దేటి?"

అన్నయ్య తల గోక్కున్నాడు. "రాసుకోండి సార్. పెట్రోలు పోయించాను. అంతే. ఆయమ్మ ఒక్క పైసా తీసుకోలేదు."

ఆఫీసరు వేరే కాగితం రాశాడు. అదీ మొదటి నుంచీ చివరిదాకా చదివాను. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. ఆయన అలవాటుగా ఇంకుప్యాడు మూత తీశాడు.

"పెన్నివ్వండి," అన్నాను.

సంతకం చూసి, "రేపటి నుంచి రిపేరు మొదలుపెట్టుకోవచ్చమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆయనకంటే ముందు షెడ్డుకి వెళ్లాను. ఆయన వంగిపోయిన బానెట్ విప్పుతుంటే, ఒక్కో బోల్టూ అందుకుని కిరసనాయిలు గిన్నెలో వేశాను.