అక్షరాలకు కాళ్ళొచ్చిన సాయంత్రం

ఆ రోజుల్లో అంటే మరీ వెనక్కి వెళ్ళకండి, నాలుగైదేళ్ళే. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టంలా అనిపిస్తాడు, పలకరించాలంటే మొహమాటం. కాగితం మీద కవిత్వం చచ్చిపోయిందని అప్పుడు నాకు గట్టి నమ్మకం (చంపినవాళ్ళలో నేనూ ఉన్నానని తర్వాత తెలిసింది). అందుకని సెల్‌ఫోను మనిషిని ఎలా మింగేస్తోందో చెబుతూ లాప్‌టాప్‌లో కదిలే మాటలతో ఒక కవిత కట్టాను. అందులో 'నిద్ర' ముక్కలై రాలుతుంది, 'మాట' ఆవిరవుతుంది, 'మెడ' వంగి వంగి నేలకి ఆనుతుంది. ఇక చెన్నై వెళ్ళి యానిమేషన్ కోర్సు చేస్తానంటే నాయన షరతు పెట్టాడు: "రెడ్డియార్‌పాళయం తెలుగు సంఘంలో వేసి చూపించు. మనోళ్ళలో ఒక్కరికి అర్థమైనా పంపిస్తా. లేదా, నోరు మూసుకోని బ్యాంకు పరీక్షకు చదువుకో."

సరేనన్నాను. తమిళ బళ్ళలో చదువుకున్న మనోళ్ళలో సగంమందికి తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదన్న చిన్న సంగతి గుర్తురాలేదు. మేధావులకు అలాంటివి గుర్తుండవు.

సంఘం హాల్లో గోడకి తెర కట్టి దీపాలార్పారు. మాటలు ఎగిరాయి, దూకాయి, పల్టీలు కొట్టాయి. ముందు వరుసలోంచి ఒర్లియంపేట పెద్దమ్మ గట్టిగానే అడిగింది: "ఏందిరా అబ్బోడా, గోడ మీద చీమలు పారతా ఉండాయి?"

"చీమలు కాదు పెద్దమ్మా, కవిత."

"సరి సరి. యాడికి పోతా ఉండాదంట?"

మైకు పట్టుకుని చదివి వినిపిద్దామనుకున్నాను. నేను 'నిద్ర' అనేలోపు 'మెడ' కూడా వాలిపోయింది. నాయన నావైపు చూడటం మానేసి చాలాసేపయింది.

సరిగ్గా గుండెలు పిండాల్సిన చోట లాప్‌టాప్ హ్యాంగైంది. మాటలన్నీ మాయమై, నల్లటి తెర మీద తెల్ల చక్రమొకటి తిరగడం మొదలెట్టింది. తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.

"ఇప్పుడు తెలిసిందిరా!" పెద్దమ్మ లేచి నిలబడింది. "ఇది మా చిన్నోడే! ఫోను పట్టుకున్యాడంటే అన్నానికి పిలిచినా పలకడు. మనిషి ఈడ, మనసు యాడనో తిరగతా ఉంటాది."

"మా ఆయనా అంతే అక్కా!" అని వెనకనుంచి ఎవరో. చప్పట్లు మోగాయి. అది కవిత కాదు, లాప్‌టాప్ ఆగిపోయిందని మైకులో చెప్పాను కూడా. "ఏమి అణకువ!" అంటూ సంఘం కార్యదర్శి శాలువా కప్పేశాడు.

నాయన మాట తప్పలేదు. చెన్నై బస్సెక్కిస్తూ, "ఆ చక్రం మాత్రం బాగా చేసినావురా" అన్నాడు.

ఇప్పుడు మాటల్ని కదిలించడమే నా ఉద్యోగం. జనం చదవగలిగేంత మెల్లగా కదిలించమని జీతమిస్తున్నారు. మొన్న ఆ పాత కవిత తెరిచాను. చదవడం వచ్చిన నాకే ఒక్క మాటా అందలేదు. పాపం, కుర్రాడు ఎంత తొందరలో ఉన్నాడో! వేగం తగ్గిద్దామని మౌసు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాను. పరిగెత్తనీ అనుకున్నాను. ఆ వయసులో ఇంకేం పని!