యాకయ్య ఉస్తాద్ ఎర్రకళ్ళు

నర్సంపేట నుంచి వరంగల్‌కు వస్తున్న ఎడ్లబండి సగం దారిలో ఆగిపోయింది. నడిరోడ్డు మీద ఒక ముసలాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. తలగుడ్డ కొస కళ్ళ మీదికి లాగి ఉంది.

"సేట్, యాకయ్య ఉస్తాద్!" అన్నాడు బండి తోలే మొండయ్య. అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఆయన దిక్కు చూడకు. కండ్లకలకనట. చూస్తే మనకు అంటుకుంటది."

పత్తి బోరాలకు ఆనుకుని కునుకుతున్న వ్యాపారి సారంగపాణి లేచి కూచున్నాడు. ఖిలా వరంగల్ మెట్లబావిలో తనకూ, మొండయ్యకూ చిన్నప్పుడు ఈత నేర్పినవాడు ఈ యాకయ్యే. నీళ్ళలో సేటు కొడుకూ జీతగాడి కొడుకూ ఆయనకు ఒక్కటే. భూమి లేదు, పశువు లేదు; నేర్పినందుకు ఇళ్ళవాళ్ళు కొలిచే జొన్నలే ఆయన బతుకు.

ఆ బావిలో కాళ్ళూ చేతులూ ఆడించడం తర్వాతి సంగతి, ముందు కళ్ళు. నీళ్ళలో కళ్ళు మూసినవాణ్ణి ఉస్తాద్ జుట్టు పట్టి పైకి లాగేవాడు. బయటికి వచ్చాక చేత్తో తుడుచుకోకూడదు. తల వంచి, రెప్పలార్పుతూ, నీరు దానంతటదే కారిపోయేదాకా ఆగాలి. ఆ పైన కాసేపు పచ్చటి చెట్టు వంక చూడాలి. గడియారం లేని ఉస్తాద్‌కు శిష్యుల కళ్ళే గడియారం. అవి పండుమిరపకాయల్లా ఎర్రబడితే ఆ పూటకు చాలు, ఇంటికి పొమ్మనేవాడు. మీనుల్లాంటి కళ్ళని కవులు ఎన్ని పద్యాలు అల్లారో గాని, రెప్పల్లేని ఆ చేపకు నీళ్ళలో కళ్ళు మండుతాయా అని ఒక్కడైనా అడిగిన పాపాన పోలేదు. ఉస్తాద్ అడిగాడు. ఒకనాడు చేపను దోసిట్లో పట్టుకుని, దాని కంటి వంక చూసి చూసి, తేల్చుకోలేక మళ్ళీ బావిలో వదిలేశాడు.

"సారంగపాణీ, నువ్వేనా బిడ్డా? దిగి జర నా కండ్లల్లకు చూడు."

సారంగపాణి దిగాడు గాని, ఉస్తాద్ పాదాల వంకే చూస్తూ నిలబడ్డాడు. "ఏమైంది ఉస్తాద్?"

"గత్తర రోగమొచ్చిందని నీళ్లు శుద్ధి చేసే తెల్లపొడి మా బావిల పోసిండ్రు. గప్పటిసంది మునిగితే చాలు, కండ్లు భగ్గుమంటానయ్. ఎరుపు చూసి పోరగాళ్ల అవ్వలు కండ్లకలక అన్నరు. ఒక్కడు బావికి వస్తలేడు. నర్సంపేటల నాటువైద్యం చేసే సమ్మమ్మ కండ్లు చూసి రోగమో కాదో చెప్తదంటే పోతాన. ఆమెదాకా ఎందుకు, నువ్వు చెప్పు. బజార్ల నీ మాట నడుస్తది. ఇది రోగం కాదు, నీళ్ల ఎరుపు అని ఒక్క మాట అను. లేకుంటె నా ఈత ఖతం."

ఉస్తాద్ తలగుడ్డ కొస పైకి తోశాడు. సారంగపాణి బలవంతాన తలెత్తి చూశాడు. ఎర్రటి కళ్ళు, కొసల్లో నీరు. మొన్న కండ్లకలకతో దుకాణానికి వచ్చిన మొగిలమ్మ కళ్ళూ ఇలాగే ఉన్నాయి. చిన్నప్పుడు బావి మెట్ల మీద పక్కన కూచున్నవాళ్ళ కళ్ళూ ఇలాగే ఉండేవి. ఏది ఏదో ఆయనకు తోచలేదు.

"మా వాడకట్టు బావిలనూ పోసిండ్రు ఆ పొడి. రోజూ తాగుతానం, మా కండ్లేం కాలే" అన్నాడు మొండయ్య, మొహం అటు పెట్టుకునే.

"తాగుడు వేరు, అండ్ల కండ్లు తెరుసుడు వేరురా మొద్దూ! పొడి లేనప్పుడు గూడ ఈతగాని కండ్లు ఎర్రగైతయ్. మీ అందరియి కాలేదా? రోజూ కాలేదా? నా సాక్ష్యం అదే!"

మొండయ్య పకపకా నవ్వాడు. "గవి నీళ్లకు ఎర్రగైనయా ఉస్తాద్! ఆకలైతే బుడుంగున మునిగి, లోపల్నే కండ్లు నలుపుకునేటోళ్లం. ఎర్రగైతే ఇంటికి పంపుతవని."

ఉస్తాద్ మొండయ్య వైపు ఒక అడుగు వేశాడు. "అందరా?"

"అందరం."

"మరి నలుపుకోకుంటె ఎంతసేపటికి ఎర్రగైతయ్‌రా?"

"నాకేం ఎరుక? నలుపుకోకుండ ఎన్నడన్న ఉన్ననా?"

ఉస్తాద్ సారంగపాణి వైపు తిరిగాడు. "నువ్వు గూడనా బిడ్డా?"

సారంగపాణి గుర్తు తెచ్చుకోబోయాడు. చల్లటి రాతిమెట్లు గుర్తొచ్చాయి, నాచు వాసన గుర్తొచ్చింది, పచ్చటి చెట్టూ గుర్తొచ్చింది. తన చెయ్యి కళ్ళ దగ్గరికి వెళ్ళేదో లేదో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. అవునంటే ముసలాయన చేతిలో ఏ సాక్ష్యమూ మిగలదు. కాదంటే అది నిజమో అబద్ధమో తనకే తెలియదు. ఇక బజారులో ఏమని చెప్పేట్టు?

"యాదికి వస్తలేదు ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ తన కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళ వంక చూసుకున్నాడు. మునిగినప్పుడు తానూ ఎప్పుడైనా నలుపుకున్నాడా అని ఆ వేళ్ళనే అడుగుతున్నట్టు చాలాసేపు చూశాడు. ఆ చెయ్యి కంటి దాకా వెళ్ళి, తాకకుండానే దిగిపోయింది.

"బండెక్కు ఉస్తాద్, నర్సంపేటకే మలుపుదాం. ఆమె ఏమంటదో నేను గూడ వింట" అన్నాడు సారంగపాణి.

మొండయ్య గొణిగాడు గాని, పగ్గాలు మాత్రం అందుకున్నాడు. అప్పటికే ఉస్తాద్ ఎడ్ల పక్కనుంచి దాటిపోయాడు. ఇక శిష్యుల సాక్ష్యం అక్కర్లేదన్నట్టు, వెనక్కి తిరగలేదు. నర్సంపేట వైపు నడిరోడ్డు మీద నడుచుకుంటూ పోయాడు.