రంగం ప్రయాణానికి దరఖాస్తు

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో అందరూ రంగం చూసినవాళ్ళే. మా వైపు రంగూన్‌ని రంగమనే అంటారు. మా ఆయన మామ్మగారు పదిహేనేళ్ళ వయసులో కాకినాడలో స్టీమరెక్కి అక్కడికి కాపురానికి వెళ్ళారు. ఆవిడ భర్త ఏటి ఒడ్డున బియ్యం మిల్లులో మేస్త్రీ. మా మావయ్యగారు అక్కడే పుట్టారు. అత్తయ్యగారు పెళ్ళయ్యాక అక్కడికే వెళ్ళారు. మా ఆయన పదేళ్ళ దాకా అక్కడి వీధుల్లోనే ఆడుకున్నారు. తాతగారు పోయిన కొన్నాళ్ళకి యుద్ధం వచ్చి రంగం మీద బాంబులు పడ్డాయి. ఆడవాళ్ళకీ పిల్లలకీ స్టీమరులో చోటు దొరికింది. మావయ్యగారికి దొరకలేదు. ఆయన కొండలూ అడవులూ పడి నడిచి, నాలుగు నెలల తరవాత తాటిపాక పక్కనున్న మా ఊరు చేరారు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని బిచ్చగాడనుకుని అత్తయ్యగారు చేటలో బియ్యం తెచ్చారట.

ఇదంతా నేను రాకముందు సంగతి. నేను వచ్చేసరికి రంగం కబుర్లు రోజూ భోజనాల దగ్గర మొదలయ్యేవి. అక్కడి వానలు, అక్కడి ట్రాంబండి, అక్కడి చేపల రుచి. మామ్మగారు మొదలుపెడితే అత్తయ్యగారు అందుకునేవారు, మా ఆయన నవ్వేవారు. మావయ్యగారు మాత్రం తలొంచుకుని తినేసి లేచిపోయేవారు. నేను వడ్డిస్తూ వినేదాన్ని. నా పుట్టింటి కబుర్లు రెండు మాటల్లో అయిపోయేవి. ఒక్క ఏరు దాటితే నా పుట్టిల్లు. వీళ్ళ కబుర్లకి సముద్రం దాటాలి.

నా కూతురికి ఏడాదిన్నర వచ్చింది. ఒకరోజు పొద్దున్న మామ్మగారు దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని తల దువ్వుతూ, "రంగం వెళ్దాం" అన్నారు. పిల్లతో అంటున్నారనుకున్నాం. కాదు, మాతోనే.

"అందరం వెళ్దాం. నేనుండగానే వెళ్ళాలి. మీ ముత్తాత పనిచేసిన మిల్లిది, మీ తాత పుట్టిన ఇల్లిది అని వేలు పెట్టి చూపించడానికి ఇంకెవరున్నారు? నేను పోయేక ఈ పిల్లకి ఎవరు చూపిస్తారు?"

"అవన్నీ ఉన్నాయో లేవో అత్తయ్యా!" అన్నారు అత్తయ్యగారు.

"లేకపోతే లేని చోటే చూపిస్తాను."

మావయ్యగారు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. రంగం డబ్బుతో కొన్న కొబ్బరితోట ఆ ఏడు విరగకాసింది, దారి ఖర్చులకి దిగులు లేదు. ఇక కావలసింది ఏజెంటు.

కాకినాడ నుంచి ఒక స్టీమరు ఏజెంటుగారు తాటిపాక సంతనాడు వచ్చి, ఒక బట్టలకొట్టు అరుగు మీద కూర్చునేవారు. యాభై దాటిన సన్నటి మనిషి. తెల్లకోటు, గొడుగు, తోలుసంచీ. మామ్మగారు బండి కట్టించుకుని, నన్ను వెంటపెట్టుకుని వెళ్ళారు. మా ఆయన రంగం బడి చదువు యుద్ధంతోనే ఆగిపోయింది. ఇంట్లో ఇంగ్లీషు ముక్కలు వచ్చినదాన్ని నేనే. అమలాపురంలో ఫోర్తుఫారం దాకా చదివాను.

"ఆరుగురం రంగం వెళ్ళాలండీ" అన్నారు మామ్మగారు.

"ఆయ్. పనికాండీ?"

"కాదండీ."

"వ్యాపారమాండీ?"

"కాదండీ."

"చుట్టాలున్నారేమో."

"ఎవ్వరూ లేరు. చూసి రావడానికండీ."

ఏజెంటుగారు నశ్యం డబ్బీ మూసి జేబులో పెట్టుకున్నారు. "చూసి రావడానికైతే కాశీ ఉంది, రామేశ్వరం ఉంది. ముప్ఫై ఏళ్ళ బట్టీ ఈ పని చేస్తన్నానండీ, కూలికెళ్ళినవాళ్ళని ఎక్కించేను, పారిపోయేవాళ్ళని ఎక్కించేను. ఊరికే చూసొస్తామన్నవాళ్ళు మీరేనండీ."

అయినా సంచీ తెరిచి కాగితాలు తీశారు. ఇదివరకులా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేయడానికి లేదనీ, ఇప్పుడు అది వేరే దేశమనీ, మనిషికో పాసుపోర్టు కావాలనీ, దానికి మద్రాసుకి దరఖాస్తు పెట్టాలనీ, ఆపైన బర్మావాళ్ళ అనుమతి కావాలనీ చెప్పారు. పిల్లకి వేరే అక్కర్లేదు, తల్లి దాంట్లో రాస్తారు. ఆ కాగితాల్లో ఒక గడి దగ్గర ఆయన వేలు ఆగింది. ప్రయాణానికి కారణం.

"ఇక్కడే వస్తదండీ చిక్కు. 'చూసి రావడానికి' అని రాస్తే ఆఫీసరు నమ్మడు. అమ్మాయిగారూ, ఈ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఆలోచిద్దాం."

కాగితాలు గుండెకి అదుముకుని ఇంటికి తెచ్చాను. పెళ్ళయ్యాక చేతిలోకి కలం రావడం అదే మొదలు. వారం రోజులు వంట కాగానే చాప పరుచుకుని కూర్చునేదాన్ని. పుట్టిన తేదీ అడిగితే మామ్మగారు, "గోదారి గట్టు తెగిన ఏడు, వినాయకచవితి ముందు" అన్నారు. గుర్తింపు మచ్చలు అడిగితే అత్తయ్యగారు సిగ్గుపడి, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి చెవిలో చెప్పారు. అది రాయడానికి వీలుకాక మోచేతి మీద కాలిన మచ్చ రాశాను. మా ఆయన పక్కన కూర్చుని, నా దస్తూరీ చూసి, "ముత్యాల్లా ఉన్నాయే" అన్నారు. ఆ మాటకి రెండు కాగితాలు అదనంగా రాయగలిగేదాన్ని.

ఫొటోల కోసం అమలాపురం వెళ్ళాం. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చగానే మామ్మగారు, "అందులో దూరి ఏం చూస్తన్నావు నాయనా?" అన్నారు. ఆవిడ నోట్లో తాంబూలం ఉన్న సంగతి ఎవరూ చూసుకోలేదు. బొమ్మలో ఒక బుగ్గ ఉబ్బి వచ్చింది. ఏజెంటుగారు దాన్ని చూసి, "పంటినొప్పి మనిషిని ఎక్కనివ్వరండీ" అని వెనక్కి పంపేశారు. మళ్ళీ బస్సెక్కి వెళ్ళాం. రెండోసారి ఆవిడ మూతి ఎంత బిగించారంటే, ఇప్పటికీ ఆ బొమ్మ చూస్తే ఎవరినో తిట్టబోతున్నట్టే ఉంటుంది.

ఇంత జరుగుతున్నా మావయ్యగారి దరఖాస్తు అలాగే ఉంది. "మీరు వెళ్ళి రండి. తోట చూసుకునేవాళ్ళు ఒకరుండాలి" అన్నారాయన. ఇంకోసారి అడిగితే, "ఒకసారి వచ్చేను కదా అక్కణ్ణించి, చాలు" అన్నారు. ఆ తరవాత ఆయన్ని అడగడం మానేశాం.

ఒక ఆదివారం పొద్దున్న ఏజెంటుగారు మా ఇంటికే వచ్చారు. రంగంలో మేం దిగే చోటు, మాకు పూచీపడే మనిషి ఎవరో రాయాలట.

"మా వెనకింటి బర్మా ఆవిడుంది కదండీ" అన్నారు మామ్మగారు. "నా ఈడుదే. తమలపాకుల కొట్టు. మా వాడికి పాలు చాలకపోతే తన పాలిచ్చిన మనిషి. వచ్చేసేటప్పుడు నా రుబ్బురోలు ఆవిడికే ఇచ్చేను. ఇక్కణ్ణించి ఓడ మీద తీసుకెళ్ళిన రోలది."

"ఆయ్, మంచిది. చిరునామా?"

"మిల్లు గేటు దాటేక, పంపు పక్కన."

"అలా కాదండీ. వీధీ, నెంబరూ."

మామ్మగారు లేచి వెళ్ళి ముగ్గుబుట్ట తెచ్చారు. అలికిన వాకిట్లో కూర్చుని గీత గీశారు. ఇది ఏరు. దాని ఒడ్డున ఒక పెట్టె, అది మిల్లు. దాని వెనక మనవాళ్ళుండే వరస ఇళ్ళు, బారకాసులు. మూలన చుక్క పెట్టి, అది బంగారు పగోడా అన్నారు. ఏజెంటుగారు కోటు విప్పి మోకాళ్ళ మీద కూర్చున్నారు. అత్తయ్యగారు బజారు పెట్టించారు. మా ఆయన బడి పెట్టించారు. మావయ్యగారు అరుగు మీద అటు తిరిగి కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నారు.

"ఇదిగో, పంపు ఇక్కడ" అన్నారు మామ్మగారు.

"అటు కాదమ్మా."

అందరం తలెత్తాం. మావయ్యగారు తాడు పక్కన పెట్టి మెట్లు దిగి వచ్చారు. "పంపు ఇటేపు. నువ్వు నీళ్ళకి ఎండకెదురుగా వెళ్ళేదానివి కదా." అంటూ ఆవిడ చేతిలోంచి ముగ్గు తీసుకున్నారు. ఇక ఆయన చెయ్యి ఆగలేదు. వీధి తరవాత వీధి గీస్తూ, ఒక్కొక్కదానికీ నెంబరు చెబుతూ పోయారు. రంగంలో వీధులకి పేర్లకన్నా నెంబర్లే ఎక్కువట. ఏజెంటుగారు ఆత్రంగా కాగితం మీద ఎక్కించుకుంటున్నారు. ఊరు దాటి కొండలవైపు పోయే బాట దగ్గరికి వచ్చేసరికి మావయ్యగారి చెయ్యి ఆగింది. అది ఆయన నడిచొచ్చిన దారి. తరవాత చేతులు దులుపుకుని, "నా కాగితం కూడా రాయమ్మా" అన్నారు నాతో.

అత్తయ్యగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈలోగా నా కూతురు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, ఏరంతా తుడిచేసి, మిల్లు మీద చతికిలబడింది.

ఆ చిరునామాకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మామ్మగారు చెప్పింది చెప్పినట్టు రాయడానికి నాకొచ్చిన ఇంగ్లీషు చాలలేదు. బతికున్నావా, మేం వస్తాం, నీ దగ్గర దిగొచ్చా అన్న మూడు ముక్కలూ మాత్రం వచ్చేలా రాశాను. ఆ తరవాత పోస్టుమాను మా వీధిలోకి రావడానికే భయపడేవాడు. రోజూ అరుగు మీద మామ్మగారు కూర్చుని ఉండేవారు. నెల దాటింది. రెండో నెల సగమైంది. ఒకరోజు అతనే సందు మొదట్నుంచి కవరు ఎత్తి చూపిస్తూ వచ్చాడు.

అందరం చుట్టూ చేరాక చదివి తెలుగులో చెప్పాను. రాసింది ఆవిడ మనవడు, బళ్ళో మేష్టరు. మిల్లు బాంబులకి కాలిపోయింది. మీ ఇల్లూ పోయింది, అక్కడ కొత్త ఇళ్ళు లేచాయి. మా అమ్మమ్మ బాగానే ఉంది, చూపు మాత్రం తగ్గుతోంది. ఆ చూపు ఉండగానే రమ్మంటోంది. మా ఇంట్లోనే దిగాలి. మీ రోలు భద్రంగా ఉంది. మా ఆవిడ అందులో మిరపకాయలు నూరుతోంది.

"మిరపకాయలా!" మామ్మగారు లేచి నిలబడ్డారు. "నా రోట్లోనా! ఇంక అందులో ఇడ్లీపిండి రుబ్బితే ఏమైనా ఉంటదా?" అని కోపంగా అని, అదే ఊపులో నవ్వి, నవ్వుతూనే ఏడ్చారు.

మర్నాడు సంతకి ఆ ఉత్తరం తీసుకెళ్ళాం. ఏజెంటుగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి తొడ చరిచారు. "ఆయ్! ఇదీ కావల్సిందండీ! అమ్మాయిగారూ, ఆ గడి ఉన్న కాగితం తియ్యండి. పాత స్నేహితురాలిని చూడ్డానికి అని రాయండి." రాశాను. తెలిసిన మాటే, అన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు.

మద్రాసు నుంచి పాసుపోర్టులూ, ఆ వెనకే బర్మావాళ్ళ అనుమతీ వచ్చాయి. రాజోలు ఆసుపత్రిలో టీకాలు వేయించుకుని, పొంగిన జబ్బలతో మూటలు కట్టుకున్నాం. ఏజెంటుగారు మనిషికో చాప, ఒక నీళ్ళచెంబు, ఓడలో వికారానికి పులుపు ఏదైనా చాలన్నారు. మామ్మగారు పూతరేకుల డబ్బా పెట్టారు. అవి నలిగిపోతాయని అత్తయ్యగారంటే, "పొడి తినదటే ఆవిడ?" అన్నారు. అమలాపురం మీదుగా ముక్తేశ్వరం వెళ్ళి, పంటు మీద గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, బస్సులో కాకినాడ చేరేదాకా ఆ డబ్బా ఆవిడ ఒళ్ళోంచి దిగలేదు.

స్టీమరు ఒడ్డుకి రాదు, సముద్రంలో దూరంగా ఆగుతుంది. పడవలో దాని దగ్గరికి వెళ్ళాలి. ఏజెంటుగారు రేవు మెట్ల మీద నిలబడి, ఆరుగుర్నీ లెక్కపెట్టి, నా చేతిలో కాగితాల కట్ట పెట్టి, "జాగర్తండీ, మొత్తం ఇంటిని మీరే మోస్తన్నారు" అన్నారు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ ఓడ గోడలా పైకి లేచింది. పిల్లనీ కాగితాల కట్టనీ కలిపి పట్టుకున్నాను. భయమో సంతోషమో తెలియలేదు, రెండూ ఒకలాగే ఉన్నాయి.

డెక్కు మీద మా పక్కన ఒక బర్మా కుటుంబం చాప పరిచింది. రెండోరోజు ఓడ ఊపుకి మేమంతా పడుకుంటే, మావయ్యగారు ఆ కుటుంబంలోని ముసలాయనతో బర్మా భాషలో ఏదో అన్నారు. ఆయన బదులు చెప్పాడు. మావయ్యగారు పగలబడి నవ్వారు. ఆయన ఆ భాష మాట్లాడ్డం నేను ఎన్నడూ వినలేదు. గొంతే వేరుగా ఉంది, కుర్రవాడి గొంతు. అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే, "ఇన్నాళ్ళకి వచ్చేసేరు మీ మావయ్యగారు" అన్నారు.

మామ్మగారు మాత్రం దారి పొడుగునా మర్చిపోయిన బర్మా మాటలు కొడుకు దగ్గర వల్లె వేశారు. ఎలా ఉన్నావు, మోకాళ్ళెలా ఉన్నాయి, ఇది నా మునిమనవరాలు. ముగ్గులా చుక్కలు కలుపుతూ, తప్పుపోతే మళ్ళీ మొదట్నుంచి.

రంగం రేవులో మనవడి చెయ్యి పట్టుకుని ఒక పొట్టి ముసలావిడ నిలబడి ఉంది. మామ్మగారు గబగబా వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. నోరు తెరిచారు. నేర్చుకున్న మాట ఒక్కటీ రాలేదు. ఆవిడ మా ఆరుగురినీ ఒక్కొక్కరినే దగ్గరికొచ్చి చూసింది. మావయ్యగారి గడ్డం పట్టుకుని ఊపింది. నా కూతురి బుగ్గ నిమిరింది. అప్పుడు మామ్మగారివైపు తిరిగి తెలుగులో అడిగింది.

"అన్నం తిన్నావా?"

"లేదే. నువ్వు పెడతావనే వచ్చేం" అన్నారు మామ్మగారు.